లిమిటు దాటని తలపులు

గోపాలపట్నంలో ఎవరి ఫోనులో ఎంత డేటా మిగిలిందో వాళ్ళింట్లోవాళ్ళకి తెలియకపోవచ్చు గానీ పైడిరాజుకి మాత్రం తెలుస్తుంది. మెయిన్ రోడ్డు మీద రీచార్జి కొట్టు అతనిది. వచ్చినవాడు అడిగిన ప్లాను వేసి పంపెయ్యడం అతని ఇంటావంటా లేదు. ముందు ఆ ఫోను చేతిలోకి తీసుకుంటాడు, సెట్టింగుల్లోకి దూరతాడు, ఏ యాప్ ఎంత తింటోందో చూస్తాడు, ఆ తర్వాత చీవాట్లు మొదలెడతాడు. "వీడియోలన్నీ వాటంతటవే దిగిపోతన్నాయి, నువ్వు చూసీది ఒకటీ లేదు. ఇది ఆపీసుకో. ఇంత పెద్ద ప్లాను నీకెందుకు?" అని చిన్న ప్లాను వేసి పంపిస్తాడు. అలా చేస్తే అతని కమిషనే తగ్గుతుంది. తగ్గినా అదో తృప్తి. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని అతని సిద్ధాంతం, ఊళ్ళో అందరి కాళ్ళూ తనే ముడిచిపెట్టాలని అతని సరదా.

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. పెళ్ళైన కొత్తలో, అవతలివాళ్ళు ఫోనెత్తితే చాలు డబ్బులు కోసేసే కాలంలో, అతనూ భార్య నూకరత్నమూ మిస్డ్ కాల్స్ మీదే కాపురం నడిపారు. అతను ఒక రింగు ఇచ్చి పెట్టేస్తే కొట్టు కట్టేసి బయల్దేరాడని అర్థం. ఆమె రెండు రింగులిస్తే వచ్చేటప్పుడు కూరకి ఏదో ఒకటి తెమ్మని. ఏం తేవాలో అతనే ఊహించుకోవాలి, తప్పు తెస్తే తిట్లు తినాలి. మూడు రింగులకి మాత్రం పనేమీ లేదు. ఊరికే గుర్తొచ్చావని. మధ్యాహ్నం ఎండలో కొట్టులో కునికిపాట్లు పడుతుంటే ఫోను మూడుసార్లు మోగి ఆగిపోయేది, పైడిరాజు తనలో తనే నవ్వుకుని మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు. ఎవరైనా పొరపాటున ఎత్తారా, ఇంక ఆ పూట ఇంట్లో పంచాయితీయే. అన్‌లిమిటెడ్ రోజులొచ్చినా ఆ అలవాటు పోలేదు. కూతురు ఝాన్సీ పుట్టి, పెరిగి, పెళ్ళి చేసుకుని, గాజువాకలో టీచరుద్యోగంలో కుదురుకున్నాక కూడా ఆ మూడు రింగులు అలాగే ఉన్నాయి.

అలాంటి నూకరత్నానికి పోయిన వానాకాలంలో మెదడువాపు వచ్చింది.

ప్రాణమైతే దక్కింది. నడిచేది, తినేది, మాట్లాడేది. తనెవరో, ఎదురుగా ఉన్నదెవరో మాత్రం తెలిసేది కాదు. మొగుణ్ణీ, ఆసుపత్రి వార్డు ఊడ్చే మనిషినీ ఒకేలా చూసేది. వైద్యులు చేతులెత్తేశాక ఎవరో చెబితే పైడిరాజు ఆమెని రుషికొండ మీదున్న పరిశోధనశాలకి తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టర్ సుభాషిణి అని ఒకావిడ స్కాను చూసి, "లోపల ఏదీ చెరిగిపోలేదండీ" అంది. "సామానంతా గదిలోనే ఉంది. గదికి వెళ్ళే దారులు కూలిపోయాయి. మనం బయటినుంచి దారి వేద్దాం."

ఆ దారికి పరిశోధనశాలలో పెద్ద పేరేదో ఉంది గానీ, బియ్యపుగింజంత ఉండేది కాబట్టి ఇంట్లోవాళ్ళు గింజ అన్నారు. చెవి వెనక చర్మం కింద పెట్టారు. నూకరత్నం దేన్నైనా తలుచుకోబోతే ఆ గింజ కనిపెట్టి నడుముకి కట్టిన ఫోనుకి చెబుతుంది. ఫోను టవరుకి చెబుతుంది, టవరు కొండ మీది కంప్యూటర్లకి చెబుతుంది. కూలిన దారికి బదులు ఎటునుంచి వెళ్ళాలో అవి లెక్కగట్టి తిప్పి పంపిస్తాయి. జ్ఞాపకం వచ్చి కూర్చుంటుంది. అది కూర్చున్నంతసేపూ లైను తెగకూడదు.

గింజ ఆన్ చేసిన రోజు నూకరత్నం ముందు గోడకేసి చూసింది, తర్వాత సుభాషిణికేసి చూసింది. ఆపైన చూపు పైడిరాజు మీద ఆగింది. నుదురు ముడిపడింది.

"ఏటి మావా, గెడ్డం గీసుకోలేదేటి? జబ్బు నీకా, నాకా?"

పైడిరాజు అక్కడే నేలమీద చతికిలబడి భోరుమన్నాడు. సుభాషిణి కిటికీవైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకుంది. అన్నేళ్ళ చాకిరీకి అంతటి ఫలితం ఆవిడకి అంతకుముందు దక్కలేదు.

ప్రయోగం నడిచినన్నాళ్ళూ లైను ఖర్చు పరిశోధనశాలే పెట్టుకుంది. ఆ తర్వాత ఒక ఫోను కంపెనీ దీనికోసం ప్రత్యేకంగా ప్లాను తెచ్చింది. నెలకి ఇంత తలపు అని లిమిటు. దాటితే ఎక్స్‌ట్రా చార్జీ, ఎంత దాటితే అంత. అది కట్టకపోతే లైను కట్. షరతులన్నీ చదివి పైడిరాజు నవ్వేశాడు.

"ఊరందరి లిమిటూ నా చేతిలో ఉంటాది మేడమ్. మా ఇంటిది ఉండదేటి?"

మనిషి రోజు మొత్తంలో ఎన్ని తలుచుకుంటాడో మనకి తెలియదు, లెక్కపెట్టాల్సిన అవసరం ఎవడికీ రాలేదు కాబట్టి. ఉప్పు ఏ డబ్బాలో ఉందంటే తలుచుకోవాలి. గుమ్మంలో నిలబడ్డవాడు పాలబ్బాయని తలుచుకుంటేనే తెలుస్తుంది. తనకి మామిడికాయ వేసిన నెత్తళ్ళ చేపల పులుసు ఇష్టమని కూడా తలుచుకుంటేనే తెలుస్తుంది. నెల సగం కాకుండానే లిమిటు హరించుకుపోయింది. బిల్లు చూసి పైడిరాజు రెండుసార్లు కూడుకున్నాడు. కొట్టులో జిరాక్స్ మెషీను అమ్మి కట్టాడు. ఆ తర్వాతి నెల ఇంకా జాగ్రత్తగా ఉందామనుకున్నారు, ఇంకా ఎక్కువే వచ్చింది. ఈసారి నూకరత్నం దుద్దులు వెళ్ళాయి. ఇంక అమ్మడానికి కొట్టు, తలదాచుకునే ఇల్లు తప్ప ఏమీ లేదు. ఇంకోసారి బకాయి పడితే లైను తీసేస్తామని కంపెనీ మెసేజీ పెట్టింది.

లైను తీసేస్తే ఏమవుతుందో పైడిరాజు కళ్ళారా చూశాడు. ఆ మధ్య గాలివానకి టవరు దెబ్బతిని ఒక పూట సిగ్నల్ పోయింది. అతను కొట్టునుంచి పరిగెత్తుకొచ్చేసరికి నూకరత్నం వంటింట్లో లేదు. పొయ్యిమీద పప్పు మాడిపోతోంది. ఆమె మంచం కిందికి దూరి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, జాతరలో తప్పిపోయిన పిల్లలా వెక్కుతోంది. "ఇదెవరిల్లు? నన్నెవరు తెచ్చీసారు?" అని అడిగింది. చెయ్యి పట్టుకోబోతే కొరికింది. ఆ పూట గడిచి సిగ్నల్ వచ్చాక ఆమెకి అదేమీ గుర్తులేదు. పైడిరాజుకి మాత్రం ఆ చూపు ఎదురుగా నిలబడిపోయింది. అడుక్కుతిననైనా తింటాను గానీ దాన్ని మళ్ళీ మంచం కిందికి దూరనివ్వను అని ఒట్టు పెట్టుకున్నాడు.

అందుకని ఒక ఆదివారం కొట్టు మూసి, ఊళ్ళోవాళ్ళ ఫోనులు తిరగేసినట్టే పెళ్ళాం ఫోను తిరగేశాడు. గింజ ఏ తలపుకి ఎంత వాడిందో అందులో వరసగా కనిపిస్తుంది. ఎక్కువ తినేది ఏదో పట్టుకుని దాన్ని ఆపెయ్యాలి, అతనికి తెలిసిన కిటుకు అది. వంటా వార్పూ కొంచెమే తిన్నాయి. ఝాన్సీ కొంత తింది. పుట్టిల్లు భీమిలి, అక్కడి సముద్రం, చచ్చిపోయిన వాళ్ళమ్మ, ఇవన్నీ కలిపినా పెద్దగా లేదు. అన్నిటికంటే పైన, సగానికి మించి తినేసినది ఒకే ఒక్క పేరు.

అది పైడిరాజు.

తప్పు చూశాననుకుని మళ్ళీ చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మరోసారి చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నోటంట ఒక్కనాడు 'నువ్వంటే ఇష్టం' అన్నమాట రాలేదు. అతనూ అడగలేదు, వాళ్ళిళ్ళల్లో అలాంటివి అడుక్కోరు. అడక్కుండానే జవాబొచ్చింది, అదీ బిల్లుతో సహా. సిగ్గేసింది, సంతోషమేసింది, వెంటనే భయమేసింది.

వంటింట్లోకి వెళ్ళాడు. ఆమె బీరకాయ చెక్కు తీస్తోంది.

"రత్నం, నువ్వు నా గురించి అనుకోడం తగ్గించుకోవాల."

"ఏటీ?"

"లిమిటంతా నేనే తినేస్తన్నానే. నేను కొట్టుకెల్లిపోనాక కూడా ఎందుకే నన్ను తలుచుకుంటావు?"

నూకరత్నం కత్తిపీట పక్కకి జరిపి అతన్ని ఎగాదిగా చూసింది. "నిన్ను తలుచుకోకపోతే కూరలో కారం ఎంతెయ్యాలో నాకెలగ తెలుస్తాది? నీ చొక్కా ఉతకాలని ఎలగ తెలుస్తాది? తిన్నావో లేదో అని ఉండదేటి?" అని, మెల్లిగా అంది, "ఊరికే కూడా వచ్చీస్తావులే. నానేటి చేసీది."

ఉపాయం తట్టింది ఆ మాట దగ్గరే. వాడకం తెర చూస్తూ అతను ఇంకోటి కూడా గమనించాడు. గింజ అడగడానికీ, కంప్యూటర్లు దారి చూపించడానికీ మధ్య కొంచెం వ్యవధి ఉంది. ఆ కాస్తసేపటికీ చార్జీ పడటం లేదు. దారి పూర్తయి, జ్ఞాపకం తెరుచుకున్నాకే మీటరు తిరుగుతోంది. అంటే రింగవుతున్నంతసేపూ ఫ్రీయే. ఎత్తితేనే డబ్బులు.

"నేను గుర్తొచ్చినప్పుడు, పూర్తిగా రాకముందే చిటిక వేసీ. వేసి బుద్ధి ఇంకో పని మీద పెట్టీ. నీకు నేనని తెలుస్తాది, మీటరు తిరగదు."

నూకరత్నానికి అర్థమై ఫక్కున నవ్వింది. "అంటే ఇప్పుడు కూడా నీకు మిస్డ్ కాలే ఇమ్మంటావు. నీ పిసినారితనం చంద్రుడి మీదకెల్లినా పోదు మావా."

రెండు రోజులు సాధన చేశారు. మొదట్లో చెయ్యి తిరగలేదు, చిటిక పడేలోపే అతని రూపం మొత్తం వచ్చేసి కూర్చునేది. తర్వాత తర్వాత ఆమె ఆరితేరింది. పూర్తి రూపం రాదు, పేరు కూడా సగంలో తెగిపోతుంది, ఎవరో మనవాళ్ళు అన్న వెచ్చదనం మటుకు ఒకటి తగిలి పోతుంది. అది చాలంది ఆమె. అతను మధ్యాహ్నం భోజనానికొచ్చి పీట మీద కూర్చుంటే వంటింట్లోంచి చిటికలు వినపడేవి. గిన్నె దించుతూ ఒకటి, తాలింపు వేస్తూ ఒకటి. చిటిక పడ్డప్పుడల్లా పైడిరాజుకి మోకాలి దగ్గర ఫోను మోగినట్టే ఉండేది. మళ్ళీ పెళ్ళైన కొత్తలాగా ఉందే అనుకుని ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.

ఆ నెల లిమిటు దాటలేదు. పైడిరాజు మాడుగుల హల్వా తెచ్చి వీధిలో అందరికీ పంచాడు. ఝాన్సీ ఒక్కతే హల్వా ముట్టుకోలేదు.

"అమ్మని ఫోన్లాగ వాడుతున్నావు నాన్నా."

"ఫోన్లాగ చూసుకుంటన్నాను కాబట్టే ఇంకా లైన్లో ఉంది," అన్నాడు పైడిరాజు.

రుషికొండ మీద డాక్టర్ సుభాషిణి అంతకంటే సంబరపడింది. తనిఖీకి తీసుకెళ్ళినప్పుడు తెర మీద గీత చూపించింది. నెలనెలకీ కిందికి దిగుతోంది. "వాడకం తగ్గుతోందంటే ఆవిడ మెదడే సొంతంగా దారులు వేసుకుంటోందన్నమాట! మేం ఊహించనే లేదు," అని పక్కనున్నవాళ్ళని కూడా పిలిచి చూపించింది. బెంగుళూరులో పెద్దవాళ్ళ సభలో ఈ సంగతి చెప్పబోతోందట. "ఇంట్లో ఏమైనా ప్రత్యేకంగా చేయిస్తున్నారా?" అని కూడా అడిగింది.

చెప్పాల్సింది అప్పుడే. పైడిరాజు నోటిదాకా వచ్చింది కూడా. కానీ అతని కొట్టు బుద్ధి అడ్డం పడింది. ఏ ప్లానులోనైనా ఒక ఫ్రీ దారి దొరికిందంటే దాన్ని పైకి అనకూడదు. నలుగురికీ తెలిసిందా, మర్నాడే కంపెనీవాడు మూసేస్తాడు. అతను అలా మూసేసినవి ఎన్నో చూశాడు. రింగవుతున్న ఆ కాస్తసేపటికి కూడా చార్జీ వేస్తే నూకరత్నం గతేమిటి?

"ఏటీ లేదు మేడమ్. మామూలుగానే," అన్నాడు.

నూకరత్నం అతన్ని చూసి నోరు మూసుకుని నవ్వింది. ఇద్దరూ దొంగల్లా కొండ దిగొచ్చారు.

కొన్నాళ్ళకి చిటికలు తగ్గాయి. పాపం, బాగా అలవాటు పడిందనుకున్నాడు పైడిరాజు. ఒకరోజు కూర కారం లేకుండా చప్పగా వచ్చింది, జబ్బు మనిషి కదా అని మాట్లాడకుండా తిన్నాడు. ఇంకోరోజు అతని చొక్కాలు దండెం మీద అలాగే ఉండిపోయాయి. 'మావా' అనడం మానేసి 'ఇదిగో' అంటోంది, దాన్నీ పట్టించుకోలేదు. వాడకం చూస్తే ప్రతివారం ఇంకా ఇంకా మిగులుతోంది. ఊళ్ళో అందరికీ ఎక్కడ కారిపోతోందో కనిపెట్టి చెప్పే పెద్దమనిషి, తన ఇంట్లో ఏది ఇంకిపోతోందో చూసుకోలేదు. మిగులు చూసి మురిసిపోయే కంటికి ఇంకేదీ ఆనదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాడు. తలుపు సగం తీసి నూకరత్నం అడ్డంగా నిలబడింది. కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఎవరు కావాల బాబూ? ఇంట్లో మగోళ్ళు లేరు."

పైడిరాజు నవ్వబోయాడు. ఆట పట్టిస్తోందనుకున్నాడు. ఆమె మొహంలో ఆట లేదు. లైను పోయిందేమోనని చటుక్కున ఆమె నడుము దగ్గరి ఫోనుకేసి చూశాడు. సిగ్నల్ నిండుగా ఉంది. ప్లానులో సగం పైనే మిగిలి ఉంది. ఆమె వెనక పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, రేడియోలో పాటకి కూనిరాగం తీస్తూనే తలుపు తీసింది. అన్నీ గుర్తున్నాయి.

"రత్నం, నేనే. పైడిరాజుని."

ఆ పేరు వినగానే ఆమె కణతలు నొక్కుకుంది. ఒళ్ళంతా వణికింది. "ఎల్లిపో బాబూ, తల పేలిపోతంది," అంటూ గడపలో కూలబడింది. పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళని పేరు పేరునా గుర్తుపట్టింది. "వదినా, ఈయనెవరో చూడు, నాకు భయమేస్తంది," అని పక్కింటావిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సాయంత్రానికల్లా ఝాన్సీ వచ్చి తల్లిని కొండ మీదికి తీసుకెళ్ళింది. పైడిరాజు వెనకాల ఇంకో ఆటోలో వెళ్ళాడు. పరీక్షలయ్యాక సుభాషిణి అతన్నొక్కణ్ణే గదిలోకి పిలిచింది. ఈసారి ఆవిడ మొహంలో సంబరం లేదు.

"ఆవిడ మిమ్మల్ని తలుచుకోబోయిన ప్రతిసారీ సగంలో తోసేశారు. వేలసార్లు. ఎందుకు?"

ఇంక దాచి లాభం లేదు. పైడిరాజు చిటిక సంగతి చెప్పాడు. రింగుల సంగతి కూడా చెప్పాడు. చెబుతున్నకొద్దీ సుభాషిణి కుర్చీలో చిన్నదైపోయింది.

"మీ ఆవిడకంటే ముందు ఇంకొకావిడకి ఈ గింజ పెట్టాం," అంది చివరికి. "అగ్నిప్రమాదంలో పిల్లల్నీ, తలకి దెబ్బ తగిలి జ్ఞాపకాల్నీ పోగొట్టుకున్నావిడ. ఆ మంటలు గుర్తొచ్చినప్పుడల్లా తోసెయ్యాలని చూసేది, అవి మళ్ళీ వచ్చేవి. ఆ బాధ నేను చూడలేకపోయాను. అందుకని ఒక నియమం రాశాను. మనిషి పదే పదే తోసేసే జ్ఞాపకం ఏదైనా ఉంటే గింజ దాన్ని మెల్లిగా పూడ్చెయ్యాలి, మళ్ళీ దగ్గరికి రాకుండా కాపలా కాయాలి. ఆవిడ బతికి బట్టకట్టింది. మంచిపనే చేశాననుకున్నాను."

"దానికీ మా రత్నానికీ సంబంధమేటి మేడమ్?" అన్నాడు పైడిరాజు.

"యంత్రానికి మీ పొదుపు తెలీదండీ. ప్రేమా తెలీదు. ఒకే మనిషిని ఈవిడ అస్తమానం తోసేస్తోంది, ఈవిణ్ణి ఏదో పీడకల వెంటాడుతోందనుకుంది."

"ఆ పీడకల నేనా మేడమ్?"

"నేనడగాల్సింది," అంది సుభాషిణి. "ఊరికే ఎందుకు తగ్గుతుందని అడగాల్సింది. అంకె తగ్గిందని చప్పట్లు కొట్టాను." ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక పైడిరాజు ఆ చేతులకేసే చూశాడు. ఇద్దరూ మంచికే చేశారు. అదే ఏడుపు. చెడ్డవాడు ఒకడు ఉండి ఉంటే వాణ్ణి తిట్టుకుంటూ అయినా బతకొచ్చు.

"కొత్తగా పరిచయం చెయ్యండి. ఎవడో పైవాణ్ణనే చెప్పండి. మెల్లిగా నేనే అలవాటవుతాను."

"మీ మొహం కనపడగానే, గొంతు వినపడగానే కాపలా లేస్తుంది. లేచినప్పుడల్లా ఆ వణుకు, ఆ నొప్పి. ఎక్కువసేపు ఎదురుగా ఉంటే ఫిట్స్ వస్తాయి."

"ఆ నియమం తీసెయ్యండి మరి! మీరు రాసిందే కదా!"

"అది ఇప్పుడు విడిగా లేదు. ఆవిడ దారులన్నిట్లోనూ అల్లుకుపోయింది. తియ్యాలంటే గింజనే ఆపాలి. ఆపితే మళ్ళీ పెట్టడానికి ఆ మెదడు తట్టుకోదు. మీరొక్కరే కాదు, ఝాన్సీ పోతుంది, వాళ్ళమ్మ పోతుంది, భీమిలి పోతుంది. ఆవిడ పేరు కూడా ఆవిడకి మిగలదు." సుభాషిణి తల దించుకుంది. "నిర్ణయం మీది. ఏది చెయ్యమంటే అది చేస్తాను."

పైడిరాజు బస్సెక్కి కొండ దిగాడు. పక్కన సముద్రం ఉందన్న స్పృహ కూడా లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని జనం నవ్వుతూ అంటారు, ఊడినవాడికి నవ్వు రాదు. చిటిక వెయ్యమన్నది తను, సాధన చేయించింది తను. అడిగితే అబద్ధం చెప్పింది తను. ప్రతి చిటికకీ ఆమె తనని ఒక పిడికెడు మట్టివేసి పూడ్చుకుంటూ ఉంటే, పీట మీద కూర్చుని మురుస్తూ అన్నం తిన్నది తను.

ఒక నీచమైన ఆలోచన కూడా వచ్చింది. ఆపేయించేస్తే? తనకి దక్కనిది ఎవరికీ దక్కదు. ఆమెకి లోకమంతా కొత్తే అవుతుంది, అందరితో పాటు తనూ కొత్తవాడే. ముద్దలు కలిపి పెట్టుకోవచ్చు, తల దువ్వుకోవచ్చు, చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకెళ్ళొచ్చు. తనని చూసి వణకదు. పక్కన ఉండనిస్తుంది. బస్సు హనుమంతవాక దాటేదాకా ఆ ఆలోచనని గుండెకి హత్తుకునే కూర్చున్నాడు. అప్పుడు మంచం కింద ముడుచుకున్న మనిషి కళ్ళముందుకొచ్చింది. ఇదెవరిల్లు అన్న ఆ గొంతు వినపడింది. తన ఒంటరితనం తీరడానికి దాన్ని మళ్ళీ మంచం కిందికి తొయ్యడమే అవుతుంది. బస్సులో జనం చూస్తున్నా లెక్కచెయ్యకుండా పైడిరాజు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

మర్నాడు ఫోన్లో సుభాషిణితో "ఆపకండి" అని మాత్రం చెప్పాడు. లైను ఎప్పటికీ తెగకుండా ఉండాలంటే ఇంతకంటే పెద్ద ప్లాను కావాలి. ఇంక ఎవరూ ఏదీ సగంలో తెంపుకోనక్కర్లేకుండా అన్నిటికంటే పెద్దదే వేయించాడు. కొట్టు అమ్మకానికి పెట్టాడు.

నూకరత్నం ఝాన్సీ దగ్గరికి వెళ్ళాలని తండ్రీకూతుళ్ళు అనుకున్నారు. పైడిరాజు ఎక్కడున్నా ఆమె కంట పడకూడదు, కాబట్టి అతను ఉన్న ఇంట్లో ఆమె ఉండకూడదు. ఝాన్సీ తల్లికి ఏం చెప్పిందంటే, ఈ ఇల్లు అద్దెది, ఇంటాయన తిరిగొచ్చాడు, ఖాళీ చెయ్యాలి అని. నూకరత్నం నమ్మింది. ఈ ఇంట్లో ఎవరితో కాపురం చేసిందో ఆ సంగతే ఆమెకి లేదు. మొగుడు ఎప్పుడో పోయాడని ఎవరూ చెప్పకుండానే తనంతట తనే అనుకుంది.

అన్నాళ్ళూ కొట్టులోనే పడుకున్న పైడిరాజు, వాళ్ళు బయల్దేరిన ఉదయం చీకటితోనే వచ్చి వెనకగదిలో తలుపు దగ్గరగా వేసుకుని నిలబడ్డాడు. చప్పుళ్ళన్నీ వినిపిస్తున్నాయి. గిన్నెలు సర్దిన చప్పుడు, ట్రంకుపెట్టె ఈడ్చిన చప్పుడు, ఝాన్సీ ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తలుపు సందులోంచి నూకరత్నం చీర అంచు కనపడింది. ఒక్కసారి తనివితీరా చూడాలనిపించి సందు ఇంకొంచెం పెద్దది చెయ్యబోయి ఆగిపోయాడు.

"ఇంటాయన లోపల ఉన్నాడేటే?" అడిగింది నూకరత్నం.

"ఉన్నారమ్మా. పద, ఆటో వచ్చింది."

"పొద్దుటినించీ గదిలోంచి రాలేదు. టీ నీళ్ళయినా ఎవరూ ఇచ్చినట్టు లేదు." ఆమె గొంతు తగ్గించింది గానీ ఆమె తగ్గించిన గొంతు వీధిచివరిదాకా వినపడుతుంది. "పెళ్ళాం పిల్లలు లేరేటే ఆ బాబుకి?"

ఝాన్సీ ఏడుపు ఆపుకుంటోందని పైడిరాజుకి తెలిసిపోయింది. ఆమెని కాపాడడానికి తనే నోరు తెరిచాడు.

"ఉన్నారమ్మా," అన్నాడు తలుపు వెనకనుంచి. గొంతు మార్చి, మెల్లిగా. కట్టుకున్న పెళ్ళాన్ని పరాయిదాన్ని పిలిచినట్టు అమ్మా అని పిలిచాడు. "ఊరెల్లింది."

"అలగా? ఎప్పుడొస్తాది బాబూ?"

అడుగుతూనే ఆమె "అబ్బా" అంటూ గోడ పట్టుకున్న చప్పుడైంది. ఒక్క మాటకే కాపలా లేచింది. ఝాన్సీ కంగారుగా తల్లిని పొదివి పట్టుకుని గుమ్మం దాటించింది. పైడిరాజు రెండు చేతులతోనూ నోరు మూసుకున్నాడు.

ఆటోలో కూర్చున్నాక నొప్పి తగ్గినట్టుంది. నూకరత్నం తల బయటికి పెట్టి ఇంటివైపు తిరిగి కేకేసింది.

"ఒక్కడివీ అలగ కూకోకు బాబూ! ఆడమనిషి ఎదురుచూస్తాది, మొగోళ్ళకి తెల్దు. ఫోన్ చెయ్యి! ఖర్చయిపోతాదని చూసుకోకు!"

సరేనమ్మా అనడానికి కూడా పైడిరాజుకి ధైర్యం చాలలేదు. ఆటో చప్పుడు మెయిన్ రోడ్డు హోరులో కలిసిపోయేదాకా అలాగే నోరు మూసుకుని నిలబడ్డాడు.